తలుపు తేలని ఇల్లు

బందరు పురప్రజలకూ, దివిసీమ వాస్తవ్యులకూ, గుడివాడ, ముదినేపల్లి చుట్టుపక్కల సొంత ఇళ్ళు కట్టుకుని సుఖంగా ఉన్న మా బంధువర్గానికీ తెలియజేయునది ఏమనగా, మా బావ ఫోన్‌లోని ‘ముఖద్వారం’ అనే బోర్డుకి ఇకమీదట కొత్త తలుపులు చేరవు. ఆఖరి తలుపు, ఇత్తడి గుబ్బల టేకు తలుపు, ఆసుపత్రి మంచం మీద నుంచి ఒక ఉదయం గుచ్చబడినది. గుచ్చినాయన ఆ మధ్యాహ్నమే పోయాడు. కావున ఇకపై ఎవరి గృహప్రవేశాలు వారు నిర్భయంగా జరుపుకోవచ్చును.

ఈ ప్రకటన చదివితే బావ ఏమనేవాడో నాకు తెలుసు. “ఎనిమిదో తరగతిలో పారిపోయినోడివి, నీకెందుకురా ఈ ఏమనగాలూ కావునలూ? షామియానా వేసుకునేవాడివి షామియానా వేసుకో.” వేసుకుంటూనే ఉన్నాను. బందరులో నాది టెంట్ హౌస్. పెళ్ళికీ నేనే, చావుకీ నేనే. కుర్చీలు అవే, పైన గుడ్డ మారుస్తాను. బావ చావుకి కూడా నేనే వేశాను. ఎక్కడ వేశానన్నదే మీకు చెప్పాలి.

ముందు ఆ గుచ్చడం సంగతి. ఫోన్‌లో ఒక యాప్ ఉంటుంది. దాన్నిండా బొమ్మలే. ఇళ్ళు, తలుపులు, అలమరలు, మొక్కలు. నచ్చిన బొమ్మని మన బోర్డు మీద గుచ్చుకోవచ్చు. బోర్డుకి పేరు మన ఇష్టం. కావాలంటే మనవాళ్ళని కూడా ఆ బోర్డులో చేర్చుకోవచ్చు, అప్పుడు అందరూ చూస్తారు, అందరూ గుచ్చుతారు. రేపు ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రికి నోటితో చెప్పలేనిది బొమ్మ చూపించి చెప్పొచ్చు. పనికొచ్చే వస్తువే. కత్తి కూడా పనికొచ్చే వస్తువే.

మా బావ బస్సు కండక్టరు. బందరు నుంచి అవనిగడ్డ, అవనిగడ్డ నుంచి బందరు, ఉద్యోగమంతా అదే రోడ్డు. రోడ్డుకి అటూ ఇటూ ఉన్న ప్రతి ఇల్లూ ఆయనకి తెలుసు. ఏ ఇంటికి రంగు వెలిసిందో, ఏ ఇంటి గేటు ఒరిగిందో, ఏ ఇంట్లో తులసికోట దగ్గర బిందె మారిందో. స్టాపులకి ఊరి పేర్లుంటే అవి వదిలేసి, “నీలం గేటు దిగేవాళ్ళు రండి, పగిలిన పిట్టగోడ దిగేవాళ్ళు లేవండి” అని కేకేసేవాడు. ఒకసారి ఒక పెద్దాయన లేచి, “ఆ పిట్టగోడ మాదే బాబూ” అన్నాడు.

“సంతోషమండీ. బాగు చేయించండి, పిలుపు మారుస్తాను.”

బస్సంతా నవ్వింది. నెల తిరక్కుండా ఆ పెద్దాయన పిట్టగోడ కట్టించాడు. బావ కూడా మాట ప్రకారం పిలుపు మార్చాడు. “వంకర పిట్టగోడ దిగేవాళ్ళు” అనడం మొదలుపెట్టాడు.

అలాంటి మనిషి రిటైరయ్యాడు. చూడ్డానికి రోడ్డు లేదు, కేకెయ్యడానికి జనం లేరు. అక్క మిగిలింది. ఉప్పు డబ్బా ఇక్కడెందుకు, చీపురు అక్కడెందుకు అని పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆవిడ వెనకాలే తిరిగేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ సంగతి మర్చిపోకుండా చూసుకోడానికి చుట్టాలున్నారు. అక్క ఒకరోజు నా దగ్గరకొచ్చి, “ఒరేయ్, ఈయనకి ఏదో ఒక బొమ్మ చూపించి కూర్చోబెట్టరా, లేకపోతే నేనే పోతాను” అంటే, ఆ యాప్ ఎక్కించి ఇచ్చాను. 

కూర్చున్నాడు. ఆ తర్వాత లేవలేదు.

ఎన్ని బోర్డులో! ‘వంటగది గూళ్ళు’, ‘మెట్ల కింద జాగా’, ‘చెప్పులు ఎక్కడ విప్పాలి’, ‘పెరట్లో కుళాయి’. అక్కనీ నన్నూ అన్నిట్లోకీ చేర్చాడు. పొద్దున్నే పాలవాడికంటే ముందు ఫోన్ టింగుమనేది, బావ ఏదో గుచ్చాడని. అబద్ధమెందుకు, మంచి కూడా జరిగింది. నా గొడౌను అప్పట్లో గొడౌనులా ఉండేది కాదు, వరదలో కొట్టుకొచ్చిన సామాను గుట్టలా ఉండేది. బావ ‘గొడౌను’ అని బోర్డు పెట్టి, ఎక్కడెక్కడి కొట్ల బొమ్మలో గుచ్చి, ఒక ఆదివారం నన్నూ నా పనివాళ్ళనీ నిలబెట్టాడు. తాళ్ళు పొడుగుని బట్టి మేకులకి వేలాడాయి. కర్రలకి రంగు చుక్కలు పడ్డాయి. ఈ రోజు కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా నాకు కావాల్సిన తాడు దొరుకుతుంది. దొరికిన ప్రతిసారీ ఆయన గొంతు వినపడుతుంది: “గుడ్డివాడు కూడా కట్టగలిగేలా ఉండాలిరా షామియానా. కట్టేది నువ్వే కదా.”

ఆకుపచ్చ షామియానాలన్నీ మాత్రం మూల పడేయించాడు. “దీని కింద కూర్చుంటే పెళ్ళికూతురు కూడా కామెర్లొచ్చినట్టు కనపడుతుంది” అని. ఆకుపచ్చంటే ఆయనకి అంత మంట. గుర్తుపెట్టుకోండి.

అన్ని బోర్డుల్లోకీ పేరుమోసింది ఇంకొకటుంది. దాని పేరు ‘చెయ్యకూడనివి’. చుట్టాల్లో, మా చర్చి సంఘంలో ఎవరు ఇల్లు కట్టుకుని ప్రార్థన పెట్టించుకున్నా కుర్చీలతో నేను వెళ్తాను, నాతో బావ వచ్చేవాడు. పాస్టరు గారు ఇంటిని ఆశీర్వదిస్తుంటే బావ గదిగదీ తిరిగి ఫోటోలు తీసేవాడు. ఇంటివాళ్ళు మురిసిపోయేవాళ్ళు పాపం. భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, ఆ ఫోటోలు ‘చెయ్యకూడనివి’లో గుచ్చేవాడు. ఒక్కోదాని కింద ఒక్కో మాట.

ముదినేపల్లిలో మా పెదనాన్న కొడుకు, చేపల చెరువుల మీద బాగా సంపాదించాడు, మూడంతస్తులు లేపాడు. హాలు మధ్యలోంచి మెలికలు తిరుగుతూ బంగారు రంగు పట్టాలతో మెట్లు. బావ కింద నిలబడి పైకి చూసి అడిగాడు:

“ఇవి ఎక్కడానికా అల్లుడూ, చూడ్డానికా?”

“చూడ్డానికే మావయ్యా. ఎక్కడానికి లిఫ్టుంది.”

అన్నయ్య ఆయన్ని వరసకి కాదు, వయసుకి మావయ్య అంటాడు.

“బతికించావు. ఎక్కేవాడికి మాత్రం ముందు సాక్ష్యం చెప్పించి, ప్రార్థన చేసి పంపు.”

నా ఇల్లు కూడా ఉంది అందులో. మా బాత్రూం తలుపు తీస్తే ఎదురుగా భోజనాల బల్ల. దాని కింద బావ ఇలా రాశాడు: ‘అన్నానికీ దానికీ ఇంత దగ్గర చుట్టరికమని ఊరందరికీ చాటాలా?’ మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు, నాతో. కట్టింది నేనని.

గోడ లేచాక బుద్ధి లేస్తే ఏం లాభం అనేది ఆయన మాట. ఎవరి ఇంట్లో ఏ తప్పు కనపడ్డా అదే అనేవాడు. ఇంతమంది గోడల్ని ఇలా పొడిచిన మనిషికి సొంత గోడ ఒక్కటి లేదు. బందరులో ఒక డాబా పైన రెండు గదులు అద్దె.

ఇప్పుడు అక్క సంగతి చెప్పాలి. నవ్వుకున్నది చాలు.

అక్కావాళ్ళు మొదట్లో, బావకి బస్సు ఉద్యోగం రాకముందు, గుడివాడలో అద్దెకుండేవాళ్ళు. బావ వాళ్ళమ్మ ఆ ఇంట్లో ఉండగానే ఆసుపత్రిలో పోయింది. తీసుకొచ్చేసరికి ఇంటివాళ్ళు గేటు దగ్గరే ఆపేశారు. అద్దె ఇంట్లోకి శవాన్ని రానివ్వరు కదా. మీలో అద్దెకిచ్చిన వాళ్ళున్నారు, అద్దెకున్నవాళ్ళూ ఉన్నారు, నేను విడమర్చి చెప్పక్కర్లేదు. ముసలావిడని రోడ్డు పక్కన, మురిక్కాలవ గట్టున, నులక మంచం మీద పడుకోబెట్టారు. అక్క కుక్కల్ని అదిలిస్తూ తల దగ్గర నిలబడింది. అప్పుడొక లారీ వచ్చి ఆగి హారన్ కొట్టింది. డ్రైవరు తల బయట పెట్టి, “కొంచెం కాళ్ళ వైపు జరుపుకోండమ్మా, టైరు పడట్లేదు” అన్నాడు. జరిపారు.

ఆ రోజు నుంచీ అక్క అడిగింది ఒక్కటే. “నాకు మేడొద్దు. మెట్లొద్దు. మన మనిషి పోతే నాలుగ్గోడల మధ్య పడుకోబెట్టుకోడానికి ఒక గది కట్టండి చాలు.”

బావ మనసులో కూడా ఆ లారీ ఉండిపోయిందనుకుంటాను. ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. రిటైరవగానే బందరు శివార్లలో స్థలం కొన్నాడు. వెంటనే పునాది తీయించి, బేస్‌మెంటు లేపి, బుసక ఇసుక నింపించాడు. అరుగులా గట్టిగా లేచింది. ఇంకేముంది, గోడలే అనుకున్నాం. సరిగ్గా ఆ టైములో ఆ యాప్ చేతిలో పడింది.

మా వైపు బేస్‌మెంటు మీద ముందు నిలబెట్టేది గుమ్మం. ప్రార్థన చేసేవాళ్ళు ప్రార్థన చేస్తారు, పసుపు రాసేవాళ్ళు పసుపు రాస్తారు. ఎవరైనా ముఖద్వారం గుమ్మం నిలబెట్టాకే గోడ మొదలుపెడతారు. గుమ్మం చేయించాలంటే తలుపు తేలాలి. ఒంటి రెక్కా, రెండు రెక్కలా? ఎంత వెడల్పు? పైన గాజు ఉందా, లేదా? బావ ‘ముఖద్వారం’ బోర్డు తెరిచాడు. ఆ యాప్‌కి ఒక జబ్బుంది. ఒక తలుపు నొక్కితే ‘ఇలాంటివే ఇంకా ఉన్నాయి’ అని వంద తలుపులు తోసుకొస్తాయి. ఆ వందలో ఒకటి నొక్కితే ఇంకో వంద. బస్సు నిండా టిక్కెట్టు కొట్టి చిల్లర కూడా ఇచ్చేసి చల్లపల్లికి ముందే కూర్చునే మనిషి, ఒక్క తలుపు దగ్గర ఏళ్ళ తరబడి నిలబడిపోయాడు.

ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక ఇద్దరూ ఆ బేస్‌మెంటు మీదకి వెళ్ళేవాళ్ళు. అక్క క్యారేజీ తెచ్చేది. బావ సున్నంతో గీతలు గీసి గదులు చేశాడు. మనసు మారితే పక్కన ఇంకో గీత. గీతల మీద గీతలు. చూస్తే పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడిపోయినట్టుండేది. అక్కకి మాత్రం ఏ గీత చెల్లుతుందో, ఏది కొట్టేసిందో తెలుసు.

“ఇక్కడ కూర్చో. ఇది హాలు” అనేవాడు బావ.

“ఎండగా ఉందండీ.”

“హాల్లో ఎండేంటి?”

“పోనీ వంటగదిలో కూర్చుంటా. అక్కడ పక్కవాళ్ళ వేపచెట్టు నీడుంది.”

“వంటగదిలోకి పోయినవారం నుంచి అటువైపు దారి లేదు. ఇటు తిరిగి వెళ్ళు.”

అక్క తిరిగే వెళ్ళేది. నేను ఒకసారి టీ పట్టుకెళ్ళి గీతలు తొక్కుకుంటూ అడ్డంగా నడిస్తే ఇద్దరూ ఒకేసారి అరిచారు, “గోడ, గోడ!” అని. టీ ఒలికిపోయింది.

అక్కకి ఓపిక ఉండేది, కోపం కూడా ఉండేది. “అన్నేళ్ళు బస్సులో నిలబడ్డారు, ఇంట్లో కూర్చోడానికి అంత భయమేంటండీ?” అంది ఒకసారి. 

“ఇల్లంటే టిక్కెట్టా, చింపి చేతిలో పెట్టడానికి?” అన్నాడు బావ. “మన ఇంటి తలుపు నలుగురూ చూస్తారు.”

“చూసేవాళ్ళ ఇళ్ళన్నీ మీరు ముందే చూసేశారుగా. ఇప్పుడు వాళ్ళ వంతని భయం.”

బావ ఫోన్‌లోకి తల దించాడు. ఆయన్ని ఆయన కొలకర్రతోనే కొట్టిన మనిషి మా అక్క ఒక్కతే.

నేనూరుకుంటానా? బోర్డులో నన్ను చేర్చింది ఎవరు మరి? ‘మెట్ల కింద జాగా’లో పందుల దొడ్డి గుచ్చాను. ‘వంటగది గూళ్ళు’లో అసలైన గూడు, కోడి పిల్లలతో సహా. ఆయన పొద్దున్నే చూసి, ఫోన్ చేసి, నన్నూ నా వంశాన్నీ తిట్టి, ఆ వంశంలోనే తను పెళ్ళి చేసుకున్నానని గుర్తొచ్చి పెట్టేసేవాడు. ఒకరోజు ‘హాల్లో ఏమేముండాలి’ అని కొత్త బోర్డు పెట్టాడు. నేను నా గొడౌనులో ఉన్న ఫ్రీజర్ బాక్సు ఫోటో తీసి అందులో గుచ్చాను. శవాల్ని పెట్టే గాజు పెట్టె. కింద రాశాను: ‘ఇలాగే చూస్తూ కూర్చుంటే ముందు వచ్చే ఫర్నీచర్ ఇదే.’

ఆ రోజు తిట్లు రాలేదు. సాయంత్రం ఫోన్ చేశాడు.

“ఒరేయ్.”

“చెప్పు బావా.”

“దానికి ప్లగ్గు ఏ గోడకి ఉండాలిరా?”

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ బొమ్మ తీసెయ్యలేదు. దాని పక్కన ప్లగ్గు బొమ్మ గుచ్చాడు.

తర్వాత కిడ్నీలు పోయాయి. డయాలసిస్‌కి వెళ్తూ వస్తూ మనిషి తాడులా అయిపోయాడు. ఆసుపత్రి మంచం మీద కూడా ఫోన్ వదల్లేదు. సూది లేని చేత్తో పైకి తోస్తూ ఉండేవాడు. నర్సమ్మ, “తాతగారూ, ఏం చూస్తున్నారు?” అంటే, “తలుపులమ్మా. మీ వార్డు తలుపు చెయ్యకూడనిది” అన్నాడు.

ఒక సాయంత్రం అక్క టిఫిను తేవడానికి కిందకి వెళ్ళింది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. “బావా, ఇప్పుడైనా ఒకటి చెప్పు” అన్నాను. ఆయన ఫోన్ నా వైపు తిప్పి ఒక బొమ్మ మీద వేలు పెట్టాడు. చిన్న ఇల్లు, రెండు గదులు, ముందు వసారా, ఒంటి రెక్క ఆకుపచ్చ తలుపు. “ఇదే. మీ అక్కకి చెప్పు” అన్నాడు. నేను నమ్మలేక, “ఆకుపచ్చా?” అన్నాను. “ఇదే” అన్నాడు మళ్ళీ.

పోయిన రోజు మధ్యాహ్నం అంబులెన్సులో ముందు సీట్లో నేను కూర్చున్నాను, వెనక అక్క. అద్దె ఇంటి ముందు ఆగేసరికి ఇంటావిడ గేటు దగ్గరుంది.

“ఏమనుకోకండి అన్నయ్యగారూ. పైకి ఎక్కించకండి. మా అబ్బాయికి సంబంధాలు చూస్తున్నాం. ఆయనంటే మాకు ప్రాణం, మీకు తెలుసు కదా.”

“తెలుసండీ.”

“కావాలంటే రోడ్డు మీద, ఇదిగో ఇటు పక్కన పెట్టుకోండి. నేను మంచినీళ్ళ క్యాను పంపిస్తాను.”

అటు చూశాను. మురిక్కాలవ. దానికి ఆనుకుని మంచం పట్టేంత జాగా. నా వెనక అంబులెన్సు తలుపు తెరుచుకుంది. అక్క దిగలేదు. లోపలి నుంచే అంది, “తమ్ముడూ, బండి ఎక్కు. మనింటికి పోదాం.”

ఏ ఇల్లని అడగలేదు. డ్రైవరుకి నేనే దారి చెప్పాను.

బేస్‌మెంటు మీద తెల్ల షామియానా వేశాను. చుట్టూ పిచ్చిమొక్కలు పీకించాను. ఫ్రీజర్ బాక్సు తెప్పించి హాలు గీతల మధ్య పెట్టించాను. కరెంటు లేదు. ప్లగ్గు ఏ గోడకి ఉండాలో మేం తేల్చుకోలేదు కదా. జెనరేటర్ తెచ్చి ఒక మూల పెట్టాం. అక్క ఏడుపు ఆపి తలెత్తి, “వంటగదిలో పెట్టారేంట్రా దాన్ని? పొగ! పెరట్లోకి తియ్యండి” అంది. తీశాం. ఆ చప్పుడుకి పాస్టరు గారు వాక్యం అరిచి చదవాల్సొచ్చింది. ‘నా తండ్రి యింట అనేక నివాసములు కలవు’ అనే మాట దగ్గర జనంలో ఎవరో ముక్కుతో నవ్వారు. పట్టుకుందామని చూశాను. అందరూ తలలు దించుకునే ఉన్నారు.

చుట్టాలందరూ వచ్చారు. వాళ్ళ మొహాల్లో దుఃఖం ఉంది, దాని కింద ఇంకొకటుంది. ఇంతమంది ఇళ్ళని పొడిచినోడు గోడల్లేని ఇంట్లో పడుకున్నాడన్నమాట. ఒక పిన్ని కుర్చీ జరుపుకుంటూ పక్కావిడతో, “వెంటిలేషన్ బాగా ఇచ్చుకున్నాడు” అంది. మెల్లగా అన్నాననుకుంది. జెనరేటర్ సరిగ్గా అప్పుడే ఆగింది. అద్దె ఇంటావిడ కూడా వచ్చింది. పడగ్గదిలో కుర్చీ వేసుకుని, “ఇక్కడ గాలి బాగా వస్తుందండీ” అంది. ముదినేపల్లి అన్నయ్య నా భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు. ఓదారుస్తాడనుకున్నాను.

“మా మెట్లు ఉన్నాయట కదరా అందులో. ఒకసారి చూపించు.”

చూపించాను. కింద రాసింది చదివాడు. రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని మళ్ళీ చూశాడు.

“ఫోటో మాత్రం బాగా తీశాడురా” అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఒక్క నిమిషం నాకు ఆ మెట్లు కూడా బాగున్నాయనిపించింది.

మర్నాడు సాయంత్రం చెక్క పెట్టెలోకి మార్చారు. సమాధుల తోటకి వెళ్ళే బండి బేస్‌మెంటుకి ఎడమ పక్కన నిలబడింది. మోసేవాళ్ళు పెట్టె భుజాలకెత్తుకుని దగ్గర దారని అటే నడిచారు. అక్క లేచి నిలబడింది.

“ఆగండి. అటు గోడ.”

మోసేవాళ్ళు ఆగిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కడేముంది, మోకాలెత్తు అంచు, అవతల బండి. అక్క చెయ్యి చాపి ఎదురుగా చూపించింది. సున్నం గీత ఒకచోట తెగి మళ్ళీ మొదలవుతుంది. ఆ మధ్యలో ఖాళీ.

“దారి అది. అందులోంచి తీసుకెళ్ళండి.”

అందరికంటే ముందు పాస్టరు గారు కదిలారు. చుట్టూ తిరిగి వచ్చి, ఆ ఖాళీలోంచి బయటికి నడిచారు. వెనక పెట్టె. ఇరుకైన చోట తిప్పినట్టు తిప్పి, మెల్లగా, భుజాలు దగ్గరికి ముడుచుకుని దాటించారు. ముందున్న పొడుగు మనిషి, మా వీధి లారీ క్లీనరు, ఆ ఖాళీ దగ్గరికి రాగానే తల వంచాడు. అక్కడ తగలడానికి ఏమీ లేదు.

పోయినాయన పేరున పెట్టే ఆదరణ కూడిక ప్రార్థన అయ్యాక అక్కకి ఆ ఆకుపచ్చ తలుపు బొమ్మ చూపించి, బావ ఎంచింది ఇదీ అని చెప్పాను. అక్క చూసింది. వారంలో వడ్రంగికి అడ్వాన్సు ఇచ్చేసింది.

ఇంతటితో ఆపేస్తే బాగుంటుంది. కానీ ఇందులో నేను కల్పించినవి కొన్నున్నాయి. బావ మీద రాస్తూ వాటిని దాస్తే, వచ్చి నా బాత్రూం ఫోటో ఇంకోసారి గుచ్చుతాడు.

పిట్టగోడ పెద్దాయన గోడ కట్టించుకోలేదు. అది ఈ రోజుకీ పగిలే ఉంది, అవనిగడ్డ వెళ్తే చూడండి. ముదినేపల్లి మెట్ల మీద బావ ఆ మాట మొహం మీద అనలేదు, తిరిగొచ్చేటప్పుడు నాతో అన్నాడు. ఎదురుగా మాత్రం “బాగున్నాయి అల్లుడూ” అన్నాడు. అద్దె ఇంటావిడ అన్నయ్యగారూ అనలేదు, నీళ్ళ క్యాను మాట ఎత్తలేదు. మెట్ల గేటుకి తాళం వేసి కిటికీలోంచి ‘వద్దు’ అంది. అంతే. ఆవిడ నోట్లో ఆ మర్యాద నేను పెట్టాను, రాసేటప్పుడు చెయ్యి ఆడక. పడగ్గదిలో గాలి గురించి అన్నది మాత్రం ఆవిడే. గుడివాడ లారీ నిజం. అక్క కల్పించదు. ఫ్రీజర్ బాక్సు బొమ్మ గుచ్చింది నిజం. అది కల్పన అయితే నేను కొంచెం నిద్రపోయేవాణ్ణి.

ఆకుపచ్చ తలుపు కల్పన. బావ ఏదీ ఎంచలేదు. ఆ సాయంత్రం నేనడిగితే, “తలుపు ఒక్కటి తేలితే అంతా తేలినట్టేరా” అన్నాడు, ఎప్పుడూ అనేదే. ఆ బొమ్మ నేను వెతికి పట్టుకున్నది. చిన్నది, చవకది, తొందరగా అయిపోయేది అని.

గుమ్మం నిలబెట్టే రోజు పొద్దున అక్కకి కూడా ఈ మాట చెప్పేద్దామని నోరు తెరిచాను. అక్క నవ్వింది.

“ఆయన ఏం ఎంచలేదని నాకు తెలీదనుకున్నావా? పోయిన రోజు పొద్దున కూడా టేకు తలుపు గుచ్చారు. ఆ బోర్డులో నేను లేనూ? అయినా ఆకుపచ్చేంట్రా, సన్నాసీ. ఇంకో రంగు దొరకలేదా నీకు?”

“మరి తెలిసీ ఎందుకు చేయించావే?”

“ఎవరో ఒకరు ఎంచాలి కదరా. నేను ఎంచానంటే ఊరంతా వంక పెడుతుంది. చచ్చినాయన ఎంచాడంటే ఎవడూ నోరెత్తడు.”

ఇప్పుడు ఆ బేస్‌మెంటు మీద గుమ్మం ఒక్కటే నిలబడి ఉంది. గోడలు ఇంకా లేవలేదు. అటూ ఇటూ ఖాళీ, వెనక వేపచెట్టు, మధ్యలో రంగు వెయ్యని చెక్క చట్రం. మొన్న టీ పట్టుకుని వెళ్ళాను. అక్క హాల్లో నీడ చూసుకుని కూర్చుని ఉంది. దగ్గరని ఎడమ పక్క నుంచి కాలెత్తి ఎక్కబోయాను.

“గుమ్మం ఉండగా దొంగోడిలా అటెందుకు ఎక్కుతావురా? ఇటు రా.”

దిగాను. చుట్టూ తిరిగి వచ్చి గుమ్మంలోంచి వెళ్ళాను. నా తల తగలనంత ఎత్తుంది అది. అయినా వంచాను.